బాత్రూం సీలెంట్ పని: ఎక్కడ పూశాను, ఎక్కడ ఖాళీ వదిలాను

గురువారం రాత్రి

దసరా సెలవులకు ఆడపడుచు పిల్లలతో వస్తోంది. ఆలోగా కామన్ బాత్రూం పని తేల్చేయాలి. మా ఇల్లు విశాఖపట్నంలో, ఎంవీపీ కాలనీ వైపు, పాత అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. సముద్రం దగ్గర కావడంతో ఈ వానల్లో పొద్దున ఆరేసిన తువ్వాలు సాయంత్రానికి కూడా ఆరదు. ఇక బాత్రూం మూలల గురించి వేరే చెప్పాలా!

టార్చ్ పట్టుకుని చూసి రాసుకున్నవి: వాష్‌బేసిన్ వెనక అంచుకీ గోడకీ మధ్య పెట్టిన వైట్ సిమెంట్ నల్లబడి, అక్కడక్కడా పగిలింది. కమోడ్ అడుగున కూడా అదే వైట్ సిమెంట్, పెచ్చులుగా లేస్తోంది. షవర్ కింద గోడా నేలా కలిసే మూలలో గ్రౌట్, అంటే టైల్స్ మధ్య సందుల్లో నింపే ముద్ద, సన్నగా చీలింది. వాల్ మిక్సర్ (వేడినీళ్లు, చన్నీళ్లు కలిపి ఇచ్చే గోడ కుళాయి) వెనక గోడకి ఆని ఉండాల్సిన స్టీల్ కప్పులు రెండూ వదులై చేత్తో తిప్పితే తిరుగుతున్నాయి. ప్లంబర్లు వాటిని ఫ్లాంజ్‌లు అంటారు, మా ఇంట్లో మాత్రం కప్పులే.

వీటన్నిటికంటే టెన్షన్ పెట్టింది కింది ఫ్లాట్ ఆంటీ పిలిచి చూపించిన మచ్చ. వాళ్ల బాత్రూం సీలింగ్ మీద, గోడకి ఆనుకుని, టిఫిన్ ప్లేటంత ఉంది. తడి లేదు గానీ పసుపురంగు తిరిగి సున్నం ఉబ్బింది. మా మిక్సర్ ఉన్న గోడ సరిగ్గా దాని పైనే వస్తుంది.

ప్లంబర్ వచ్చి చూసి "మళ్లీ వైట్ సిమెంట్ పెట్టేద్దాం మేడమ్, గంట పని" అన్నాడు. ఊళ్లో సగం ఇళ్లలో ఉన్నది అదే కాబట్టి అతన్ని అనడానికేమీ లేదు. అయితే వైట్ సిమెంట్ ఆరిందంటే ఇక సాగదు. బేసిన్ మీద చెయ్యి ఆనించి ముఖం కడుక్కున్న ప్రతిసారీ బేసిన్ కంటికి కనిపించనంత కదులుతుంది, గోడ కదలదు. మధ్యలో ఉన్న సిమెంట్ ఏదో ఒక వైపు వదిలేస్తుంది. ఆ సన్నటి చీలికలోకి సబ్బునీళ్లు దిగుతాయి, బూజు అక్కడే కాపురం పెడుతుంది. అలాంటి చోట ఆరాక కూడా రబ్బరులా సాగే సిలికాన్ సీలెంట్, అంటే సందులు మూసే జిగురు, ఉండాలి. నేనే చేస్తానన్నాను. అత్తయ్య "చేతులు పాడుచేసుకుంటావు" అన్నారు గానీ వద్దనలేదు.

శుక్రవారం రాత్రి

సిలికాన్ ట్యూబు కొనే ముందు నీళ్లు ఎటు పోతున్నాయో తెలియాలి. ఇంట్లో నీరు కనిపించే చోటు ఒకటి, లోపలికి దిగే చోటు ఇంకొకటి.

బేసిన్ కింద నీళ్లు బయటికి పోయే వేస్ట్ కప్లింగ్, దాని కింద డబ్బాలాంటి బాటిల్ ట్రాప్ శుభ్రంగా తుడిచి, ఒక్కో జాయింట్‌కీ టిష్యూ పేపర్ చుట్టాను. బేసిన్ రంధ్రం మూసి నిండా నీళ్లు పట్టి, బట్టలకు వేసే నీలం నాలుగు చుక్కలు కలిపి ఒక్కసారిగా వదిలాను. టిష్యూ తెల్లగానే ఉంది. డ్రైన్ వైపు దోషం లేదన్నమాట. తర్వాత అదే నీలం నీళ్లు మగ్గుతో తీసి, బేసిన్ వెనక పగులు మీద మెల్లగా పోశాను. కాసేపటికే గోడ మీద ఒక నీలి చార దిగింది. అది టైల్ గ్రౌట్ గీత దగ్గర కాస్త ఆగి, పక్కకి తిరిగి, బాటిల్ ట్రాప్ పైపు పట్టుకుని కిందికి జారింది. ఇన్నాళ్లూ పైపు లీకేజీ అనుకుని కింద డబ్బా పెట్టిన నీళ్లు ఇవే. నీలం గ్రౌట్‌కి కాస్త అంటింది, సబ్బు పెట్టి రుద్దితే పోయింది.

కప్పుల సంగతి ఇంకా ఆసక్తికరంగా ఉంది. స్టీల్ కప్పుని పైపు మీదుగా ముందుకి లాగి వెనక టార్చ్ వేసి చూశాను. టైల్‌కి కోసిన రంధ్రం పైపు కంటే బాగా పెద్దది. పైపు చుట్టూ వేలు దూరేంత సందు, లోపల చీకటి, సందు అడుగున తడిసి నల్లబడ్డ ఇసుక. షవర్ నీళ్లు గోడ మీద జారుతూ కప్పు పై అంచు వెనకకి వెళ్లి ఆ సందులో పడుతున్నాయి. గోడలో పైపు కోసం కొట్టిన గాడి వెంట ఎంత దూరమైనా దిగుతాయి. ఆంటీ వాళ్ల మచ్చ గోడకి ఆనుకునే ఎందుకు ఉందో దీంతో అర్థమైంది.

అయినా నేల మీద అనుమానం వదలలేదు. నేల కింద వాటర్‌ప్రూఫింగ్ పోయి ఉంటే పైన ఎంత సిలికాన్ పూసినా దండగ. టైల్స్ లేపి మళ్లీ చేయించుకోవాల్సిందే. అందుకని నహానీ ట్రాప్‌లో, అంటే నేల నీళ్లు పోయే రంధ్రంలో, ప్లాస్టిక్ కవర్‌లో చుట్టిన గుడ్డ కుక్కి, నేల మీద అంగుళం ఎత్తున నీళ్లు నిలబెట్టి, టైల్ మీద నీటి మట్టం దగ్గర పెన్సిల్ గీత పెట్టాను. కిందికి వెళ్లి "అంకుల్‌తో ఆ మచ్చ చుట్టూ పెన్సిల్‌తో గీయించండి ఆంటీ, రేపు రాత్రికి గీత దాటిందేమో చూద్దాం" అని చెప్పి వచ్చాను. రేపు రాత్రి దాకా అందరికీ అటాచ్డ్ బాత్రూమే.

శనివారం

పొద్దున హార్డ్‌వేర్ షాపు. కౌంటర్ మీద వరసగా నాలుగైదు రకాల సిలికాన్ ట్యూబులు. "అన్నీ ఒకటే మేడమ్, ఇది తీసుకెళ్లండి" అని అన్నిటికంటే చవకది చేతిలో పెట్టాడు షాపతను. అన్నీ ఒకటి కావు. చవకగా దొరికే మామూలు సిలికాన్ గట్టిపడుతూ ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. పూస్తుంటే ముక్కు అదిరిపోయే వెనిగర్ వాసన వస్తుందే, అది దానిదే. గాజుకీ గ్లేజ్ ఉన్న టైల్‌కీ దానితో ఇబ్బంది లేదు. ఇత్తడి, రాగి, ఇనుము ఉన్న చోట తుప్పుకి దారి తీస్తుంది. మార్బుల్‌ని తినేస్తుంది. అద్దం వెనక వెండి పూతని నల్లబరుస్తుంది. మా కప్పుల మీద నికెల్ పూత సముద్రపు గాలికి ఇప్పటికే అక్కడక్కడా లేచిపోయింది, దానికి తోడు ఆమ్లం ఎందుకు! ఆమ్లం వదలని న్యూట్రల్ రకం, శానిటరీ అని రాసి ఉన్నది అడిగి తీసుకున్నాను. శానిటరీ అంటే అందులో బూజు పట్టకుండా మందు కలిపి ఉంటుంది. ఆ మందు కూడా నీళ్లతో మెల్లమెల్లగా కరిగిపోయేదే, బాత్రూంలో గాలి ఆడకపోతే ఏ ట్యూబూ శాశ్వతంగా కాపాడదు.

ట్యూబు తిప్పి చూస్తే సీలెంట్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 11600 అని, పక్కన 25 అని ఉంది. జాయింట్ వెడల్పులో 25 శాతం దాకా సాగినా, నొక్కుకున్నా తట్టుకుంటుందని దాని అర్థం. బేసిన్ వెనక సందు 8 మిల్లీమీటర్లు ఉంటే 2 మిల్లీమీటర్ల కదలిక భరిస్తుంది, మా ఇంటికి అది ఎక్కువే. తయారీ తేదీ తప్పకుండా చూసుకోవాలి. గడువు దాటిన సిలికాన్ పూశాక ఎన్నాళ్లయినా జిగటగానే ఉండిపోతుంది, దాన్ని గీకి తీయడం కంటే నరకం ఇంకోటి లేదు. అతను మొదట ఇచ్చిన ట్యూబుకి గడువు దగ్గర పడింది, మార్చి ఇవ్వమన్నాను. కాస్త మొహం చిట్లించి ఇచ్చాడు.

ఒక్క ట్యూబు చాలుతుందా అన్న లెక్క అక్కడే వేసుకున్నాను. ట్యూబులో ఉన్నది 280 మిల్లీలీటర్లు. మూలలో 6 మిల్లీమీటర్ల అంచుతో త్రికోణంగా పూస్తే సెంటీమీటరు పొడవుకి 0.18 మిల్లీలీటర్లు పడుతుంది. ఆ లెక్కన ట్యూబుకి 15 మీటర్లు రావాలి. నాకు మూలలు, బేసిన్, కమోడ్, కప్పులు అన్నీ కలిపినా 6 మీటర్లు దాటదు. వృథా పోయింది పోగా ఇంకా మిగులుతుంది.

ట్యూబు, దాన్ని నొక్కి సిలికాన్ బయటికి తోసే గన్, మాస్కింగ్ టేప్, కట్టర్ బ్లేడ్లు, గ్లౌజులు. బేసిన్ వెనక సందులో కుక్కడానికి ఫోమ్ తాడు కావాలి, దాన్ని బ్యాకర్ రాడ్ అంటారు. అది ఇక్కడ లేదు. అల్యూమినియం కిటికీలు చేసే షాపులో మీటర్ల లెక్కన కోసి ఇచ్చారు. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మొబైల్ రిపేర్ కుర్రాడి దగ్గర దొరికింది. సర్క్యూట్ బోర్డులు కడగడానికి వాళ్ల దగ్గర ఎప్పుడూ ఉంటుంది. మొత్తం ఖర్చు వెయ్యి రూపాయల లోపే అయింది, గన్ మళ్లీ మళ్లీ పనికొస్తుంది.

రాత్రి నేల మీద నీటి మట్టం చూశాను. పెన్సిల్ గీత కంటే పిసరు తగ్గింది, అది ఆవిరైపోయిన లెక్కే. కింద మచ్చ గీత దాటలేదని అంకుల్ ఫోన్ చేసి చెప్పారు. నేలకి ఇప్పుడప్పుడే ఢోకా లేదు. గుడ్డ తీసి నీళ్లు వదిలేశాను.

ఆదివారం

ఈ పనిలో ముప్పాతిక భాగం పాతది తీయడమే. పూత పూయడం చూసేవాళ్లకి ఇష్టం, అందుకే వీడియోలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. పాత సిమెంట్ పొడి మీద గానీ, పాత సిలికాన్ మీద గానీ కొత్త సిలికాన్ అంటుకోదు. అంటుకున్నట్టు కనిపించి, నెల తిరక్కుండా తోలులా లేచొస్తుంది. మూలలో ఎవరో ఎప్పుడో పూసిన పాత సిలికాన్ ముక్క ఒకటి ఉంది. కట్టర్‌తో రెండు వైపులా కోసి లాగితే బారుగా ఊడి వచ్చింది, టైల్‌కి అంటిన సన్నటి పొర మాత్రం బ్లేడు పడుకోబెట్టి గీకాల్సి వచ్చింది. గోరుతో రాస్తే జారుతున్నట్టు ఉంటే ఇంకా పొర ఉన్నట్టు, కిరకిరమంటే పోయినట్టు.

వైట్ సిమెంట్ వేరే కథ. బేసిన్ వెనక ఉన్నది పగిలిందే కాబట్టి పాత స్క్రూడ్రైవర్ మొనతో పొడుస్తుంటే ముక్కలుగా రాలింది. కమోడ్ దగ్గర ఉలి, సుత్తి జోలికి పోలేదు. పింగాణీ ఒక్క పెచ్చు లేచిందంటే పదివేలకి ఎసరు. టాయిలెట్ క్లీనర్‌లో ఉండే హైడ్రోక్లోరిక్ ఆమ్లం సిమెంట్‌ని మెత్తబరుస్తుంది. దాన్ని సిమెంట్ గీత మీద మాత్రమే పోసి, బుసబుస పొంగడం ఆగాక గీకి, మళ్లీ పోసి, మళ్లీ గీకాను. కిటికీ తీసి, ఎగ్జాస్ట్ వేసి, చేతికి గ్లౌజులు వేసుకునే. ఉప్పునీళ్ల వల్ల కుళాయి కింద పేరుకున్న తెల్ల పొర కూడా ఈ దెబ్బకే పోయింది. క్రోమ్ మీద పడకుండా కుళాయిలకి తడిగుడ్డ చుట్టాను. తర్వాత బకెట్ల కొద్దీ నీళ్లు పోసి కడిగాను.

మూలల్లో నల్లటి బూజుకి బ్లీచింగ్ పెట్టాలి. ఈరోజు మాత్రం పెట్టలేదు. ఆసిడ్ క్లీనర్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసి ఉన్న బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. "రెండూ ఒకేసారి పోసి రుద్దేస్తే త్వరగా అవుతుంది కదా" అని మావారు బ్లీచింగ్ డబ్బాతో గుమ్మం దాకా వచ్చారు. డబ్బా లాక్కుని బాల్కనీలో పెట్టాను.

బేసిన్ పట్టుకుని ఊపి చూస్తే కొద్దిగా ఊగింది. గోడలోకి దిగిన ర్యాగ్ బోల్టుల నట్లు వదులయ్యాయి. పింగాణీ కింద రబ్బరు వాషర్ ఉందో లేదో చూసుకుని పానాతో మెల్లగా బిగించాను. సీలెంట్ సందు మూస్తుంది, బరువు మొయ్యదు. ఊగే బేసిన్‌కి ఎంత మంచి సిలికాన్ పూసినా చిరిగిపోతుంది.

సోమ, మంగళ

సోమవారం ఆఫీసు నుంచి వచ్చాక బూజు మీద బ్లీచింగ్ నీళ్లు పట్టించి, కాసేపాగి కడిగేశాను. ఇక మిగిలింది ఆరబెట్టడమే.

విశాఖలో అసలు పరీక్ష ఇదే. టైల్ పైన పొడిగా కనిపిస్తుంది, గ్రౌట్ లోపల మాత్రం రోజుల తరబడి తడి ఉంటుంది. టేబుల్ ఫ్యాన్ గుమ్మంలో పెట్టి రాత్రంతా నేల వైపు తిప్పి ఉంచాను. మంగళవారం సాయంత్రం టిష్యూ పేపర్‌ని చిన్న కత్తి మొనతో మూల సందులోకి నొక్కి తీస్తే ఇంకా చెమ్మ అంటింది. హెయిర్ డ్రయ్యర్‌తో మూల వెంట ఆగి ఆగి వేడి గాలి పట్టి, మళ్లీ ఫ్యాన్. విచిత్రం ఏమిటంటే, సిలికాన్ గట్టిపడటానికి గాలిలో తేమ కావాలి, ఆ లెక్కన మా ఊరి గాలి దానికి అమృతం. కానీ అది అంటుకోవాల్సిన చోట చుక్క తడి ఉన్నా అంటుకోదు. మే నెలలో హైదరాబాద్‌లో అయితే సందు ఒక్క పూటలో ఆరిపోతుంది, పూసిన సిలికాన్ గట్టిపడటానికే ఇక్కడికంటే ఎక్కువ టైం పడుతుంది.

బుధవారం రాత్రి

భోజనాలయ్యాక మొదలుపెట్టాను, మళ్లీ పొద్దుటిదాకా ఎవరికీ బాత్రూం అవసరం పడకుండా. పాత బనియన్ గుడ్డని ఆల్కహాల్‌లో ముంచి అన్ని అంచులూ తుడిచాను. గుడ్డ మీద సబ్బు మురికి ఇంకా వచ్చింది, మూడు సార్లు కడిగిన చోటే. అందుకే ఈ తుడుపు మానకూడదు.

బేసిన్ వెనక సందులో ఫోమ్ తాడు కుక్కాను. తాడు సందు కంటే కాస్త లావుగా ఉండాలి, నొక్కితే బిగుసుకుని నిలబడాలి. పైన 4, 5 మిల్లీమీటర్ల లోతు మాత్రం వదిలాను. ఇది లేకపోతే సిలికాన్ లోపలికి జారిపోతూనే ఉంటుంది, ట్యూబు ఖాళీ అవుతుంది, పైగా మందంగా పడ్డ చోట లోపల ఎన్నాళ్లకీ ఆరదు. రోజుకి 2, 3 మిల్లీమీటర్ల లోతు మాత్రమే గట్టిపడుతుంది. తాడు వల్ల ఇంకో లాభం, సిలికాన్ బేసిన్‌కీ గోడకీ మాత్రమే పట్టుకుంటుంది. వెనక మూడో వైపు కూడా పట్టేస్తే అది సాగలేక చిరుగుతుంది.

గీతకి రెండు పక్కలా మాస్కింగ్ టేప్. ట్యూబు మూతి కోసి లోపలి పొర పొడిచి, నాజిల్ బిగించి, నాజిల్ కొసని 45 డిగ్రీల వాలుగా, 6 మిల్లీమీటర్ల రంధ్రం వచ్చేలా కోశాను. ముందు ఒక అట్టపెట్టె లోపలి మూలలో ప్రాక్టీసు. గన్ నొక్కడం, చెయ్యి కదలడం ఒకే వేగంతో సాగాలి. గోరింటాకు కోన్ పట్టుకోవడం వచ్చినవాళ్లకి ఇందులో సగం వచ్చినట్టే. తేడా ఏమిటంటే, చెయ్యి ఆపినా గన్ ఆగదు. వెనక ఉన్న రేకు మీట నొక్కి రాడ్‌ని వదులు చేస్తే గానీ సిలికాన్ కారడం ఆగదు. పక్కన పాత పేపర్ పరిచి ఉంచుకోవాలి.

మొదట షవర్ మూల. ఒక వైపు పూశాను, దాని మీద సబ్బునీళ్లు స్ప్రే చేశాను, ఐస్‌ఫ్రూట్ పుల్ల గుండ్రటి కొసతో ఒకే లాగుడు లాగాను. సబ్బునీళ్లు పూత మీదే పడాలి. పూయని చోట పడితే అక్కడ రేపు అంటుకోదు. పుల్ల వెనక సిలికాన్ అంచులు పల్చబడి టైల్‌లో కలిసిపోతూ, మధ్యలో చిన్న గుంట పడి, గీత మెరుస్తూ వచ్చింది. పుల్ల మీద చేరిన ముద్దని టిష్యూకి తుడిచాను. వెంటనే టేప్‌ని గీతకి దూరంగా, ఏటవాలుగా లాగేశాను. పూత పొర కట్టాక టేప్ లాగితే అంచు చింపిరి గుడ్డలా లేస్తుంది. ఈ తేమలో పది నిమిషాలకే పొర కట్టేస్తోంది కాబట్టి టేప్ అంతా ముందే వేసినా పూయడం మాత్రం ఒక్కో వైపు ముగించుకుంటూ వెళ్లాను. ఈ మూలలో ఎక్కడా ఖాళీ వదల్లేదు. గోడల నిలువు మూలలకీ, నేల మూలలకీ పూర్తిగా పూశాను. రెండు గోడలు కలిసే చోట ఎంత గట్టి ఎపాక్సీ (రెజిన్) గ్రౌట్ పెట్టినా ఎప్పటికైనా చీలుతుంది. చదును నేల మీద, నహానీ ట్రాప్ జాలీ చుట్టూ మాత్రం ఎపాక్సీయే నయం, రోజూ కాళ్ల కింద నలిగే చోట సిలికాన్ నిలవదు.

ఇక ఖాళీ వదలాల్సిన చోట్లు.

బేసిన్‌కి పైన, రెండు పక్కలా పూశాను. అడుగు వైపు పూయలేదు. కప్పులకి గోడ మీద గుర్రపు నాడా ఆకారంలో, నోరు కిందికి ఉండేలా సిలికాన్ గీసి, కప్పుని జరిపి గట్టిగా నొక్కాను. పైన, పక్కల నుంచి నీళ్లు దిగవు. కింద మాత్రం రెండు వేళ్ల వెడల్పు తెరిచే ఉంది. కమోడ్‌కి ముందూ పక్కలా పూశాను, వెనక గోడ వైపు చిన్న ఖాళీ వదిలాను.

అత్తయ్య గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్నారు. "అంతా బాగానే పూశావు, వెనకాల వదిలేశావేంటమ్మా? నీళ్లు అక్కణ్ణుంచి పోవూ?"

"పోయే నీళ్లు బయటికి రావడానికే అత్తయ్యా. రేపు కమోడ్ లోపలి జాయింట్ కారిందనుకోండి, అంతా మూసేస్తే అవి కిందే ఊరి ఆంటీ వాళ్ల సీలింగ్‌లోకి దిగుతాయి. ఇప్పుడైతే ఇక్కడ తడి కనిపిస్తుంది, ముందే తెలుస్తుంది."

"మరి కడిగినప్పుడు?"

మంచి ప్రశ్నే. కడిగిన నీళ్లు కాసిన్ని అటు వెళ్తాయి. మా నేల వాలు నహానీ వైపు, అంటే కమోడ్‌కి ముందు వైపు ఉంది. వెనక నీళ్లు నిలవవు, అందుకే వెనకే వదిలాను. వాలు గోడ వైపు ఉన్న బాత్రూంలో అయితే ఖాళీ ఇంకో పక్కకి మార్చుకోవాలి. చుట్టూ మూసేయాలని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు, అడుగున మురికి చేరదని వాళ్ల వాదన. ముందూ పక్కలా మూశాక చేరే మురికి ఎంతలే అని నాకు అనిపిస్తుంది. లోపల జరిగేది కనిపించకపోవడం నాకు ఎక్కువ భయం.

గ్లౌజు మీద, గన్ మీద అంటినది ముందు పొడి టిష్యూతో తీసి, తర్వాత టర్పెంటైన్‌తో తుడిచాను. నీళ్లు పెడితే ఇంకా పులుముకుంటుంది. తలుపు మీద "రేపు రాత్రి దాకా వాడకూడదు" అని కాగితం అంటించి, లోపల బల్బు తీసేశాను. కాగితం చదవకపోయినా, చీకట్లో స్విచ్ వేసి వెలగకపోతే ఆగుతారని.

గురువారం

ఆ ప్లాన్ మామయ్యగారి దగ్గర పనిచేయలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకి చీకట్లోనే వెళ్లి కాళ్లు కడుక్కుని వచ్చారట. పరుగున వెళ్లి టార్చ్ వేస్తే పూత మీద నీటి చుక్కలు ముత్యాల్లా నిలబడి ఉన్నాయి, గీతకి ఏమీ కాలేదు. రాత్రంతా గడిచింది కాబట్టి పైపొర ఎప్పుడో గట్టిపడింది. నొక్కి చూసే ఆరాటం ఆపుకుని గుడ్డతో అద్ది వదిలేశాను. ఇంకో రోజు ఎక్కువ ఆరనిచ్చాకే షవర్ వాడాలని ఇంట్లో తీర్మానం.

పగటి వెలుగులో చూస్తే బేసిన్ కుడి పక్క గీత ఎడమ పక్క కంటే లావుగా వచ్చింది. అక్కడ గోడే వంకర, టైల్ బయటికి పొడుచుకొచ్చింది. బేసిన్ తీసి మళ్లీ బిగిస్తే తప్ప అది సరికాదు. నీళ్లు ఆగుతాయి, అంతవరకు చాలు.

ఆ తర్వాతి ఆదివారం

నీలం పరీక్ష మళ్లీ చేశాను. బేసిన్ వెనక అంచు మీద నీలం నీళ్లు పోస్తే ముందుకి తిరిగి బేసిన్‌లోకే జారాయి. కింద చుట్టిన టిష్యూ తెల్లగా ఉంది. షవర్ వదిలి కప్పుల మీద నేరుగా నీళ్లు పడేలా పెట్టి, ఆపాక కింద తెరిచిన చోట పొడి టిష్యూ దూర్చి తీశాను. పొడిగానే వచ్చింది. కమోడ్ వెనక ఖాళీలో పెట్టిన మడత కాగితం కూడా పొడిగానే ఉంది. వారానికోసారి ఈ కాగితం చూసే పని మావారికి అప్పగించాను, బ్లీచింగ్ డబ్బా మాత్రం నా దగ్గరే.

కింది ఫ్లాట్ మచ్చ అంకుల్ గీసిన పెన్సిల్ గీత దాటలేదు, అలాగని తగ్గనూ లేదు. గోడలోకి దిగిన తడి ఆరడానికి వారాలు పడుతుంది. "దసరాకి ముందే పెయింట్ వేయించేయనా?" అని ఆంటీ అడిగారు. వద్దన్నాను. తడి మీద పుట్టీ పెడితే మళ్లీ ఉబ్బుతుంది. చలికాలం గాలి పొడిబారాక, చెయ్యి పెట్టి చూసి చల్లగా తగలకపోతే అప్పుడు వేయించుకుంటే మేలు. పెయింట్ ఖర్చు మేమే ఇస్తామని మావారు చెప్పారు, ఆంటీ కాఫీ ఇచ్చి పంపారు.

ట్యూబులో సగం దాకా మిగిలింది. నాజిల్‌లోకి పొడుగు స్క్రూ దించి టేప్ చుట్టి ఉంచాను. కొసన గడ్డకట్టినా స్క్రూతో పాటు ఊడొస్తుంది. ఆ మిగిలిన దానితో అటాచ్డ్ బాత్రూంలో గ్రానైట్ గట్టు మీద ఉన్న బేసిన్ చుట్టూ పూద్దామని ఉంది. గ్రానైట్ దగ్గర మాత్రం తొందరపడటం లేదు. న్యూట్రల్ సిలికాన్‌లో ఆమ్లం ఉండకపోయినా, కొన్ని రకాల్లో నూనె లాంటి పదార్థం ఉంటుంది. అది రాతిలోకి ఇంకి గీత వెంట ముదురు రంగు అంచు కడుతుంది, తర్వాత ఎంత తోమినా పోదు. వంటింటి గట్టు కోసినప్పుడు మిగిలిన గ్రానైట్ ముక్క ఒకటి బాల్కనీలో ఉంది. దాని మీద ఒక గీత పూసి పెట్టాను. పక్కన రంగు మారుతుందేమో ఆడపడుచు వాళ్లు వెళ్లేదాకా చూసి, మారకపోతే అప్పుడు టేప్ అంటిస్తాను.